తువ్వాల కింద దూది

సోమవారం పొద్దున సునంద వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా ఇంటి ముందు భాగంలోని దుకాణంలో మామగారి మిరపకాయల బేరం తెగుతుంది. బేరం బాగా తెగిన రోజున ఆయన ఎవరేమడిగినా కాదనరు. ఆ ఘడియ చూసి భర్త ఉపేందర్ వెళ్లి, "నాయినా, ఇంట్ల కుక్కపిల్ల ఉన్నది, అమ్మకు జర నువ్వే చెప్పాలె" అంటాడు. అంతవరకు ఆ కుక్కపిల్ల కుయ్యిమనకుండా ఉంటే చాలు.

మూడు నెలల కిందట పెళ్లయింది. అరవైతొమ్మిది ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోగొట్టుకుని, ఆ తరువాత డిగ్రీ ముగించి మానుకోటలో రైతుల పంట అమ్మిపెట్టే తండ్రి అడ్తి దుకాణంలో కూర్చున్న ఉపేందర్‌కు భార్య ముచ్చట ఏదైనా కాదనడం ఇంకా చేతకాలేదు. కుక్కపిల్ల కావాలని ఆమె ఒక్కసారే అన్నది, అదీ నవ్వుతూ. అతను కాజీపేట రైల్వే కాలనీలో ఒక గార్డు దగ్గర పామరేనియన్ పిల్లను తీసుకుని, బత్తాయిల బుట్టలో పెట్టుకుని ప్యాసింజరు బండిలో తెచ్చేశాడు. బుట్ట మీది గుడ్డ తీయగానే నల్లటి రెండు కళ్లు, ఒక ముక్కు, మిగతాదంతా తెల్లటి దూది. సునంద ముందు నవ్వింది, తరువాత ఎందుకో ఏడ్చింది, ఆ పైన దానికి దూది అని పేరు పెట్టింది.

చిక్కల్లా అత్తగారు ఈశ్వరమ్మ. శుక్రవారం సాయంత్రం ఉపేందర్ అన్నం తింటూ, "అమ్మా, ఇంట్ల ఒక కుక్కపిల్ల ఉంటే మంచిగుంటది గద" అని మెల్లగా కదిలించాడు.

"కుక్క గడప దొక్కిన వారంల నేను మరిపెడ బస్సెక్కుత" అన్నది ఈశ్వరమ్మ, పప్పు వడ్డిస్తూ. మరిపెడ ఆమె పుట్టిల్లు. ఆమె నోట మాట వచ్చిందంటే వచ్చినట్టే. ముప్ఫై ఏళ్లలో ఒక్కటీ వెనక్కి పోలేదు.

అప్పటికి దూది గడప దాటి గంటన్నర అయింది. కొత్త దంపతుల గది అయిన నడి అర్రలో నిద్రపోతోంది.

"అది గడప దొక్కలే సునందా. బుట్టల వచ్చింది" అని ఉపేందర్ న్యాయం తీశాడు కానీ, అది అమ్మ ముందు నిలిచే న్యాయం కాదని ఇద్దరికీ తెలుసు. దొరికితే సాయంత్రం బండికే కాజీపేటకు తిరుగు ప్రయాణం. గార్డు దగ్గర దాని కోసం ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారట. వస్తూనే తన చేతి వేలు పట్టుకుని నిద్రపోయిన దూదిని ఇంకెవరో ఎత్తుకుపోవడం సునంద ఊహించలేకపోయింది.

సునంద హనుమకొండలో బి.ఏ. చదివింది. ఏ పనైనా పుస్తకం చూసి చేస్తుంది. లైబ్రరీ పుస్తకంలోంచి రాసుకున్న కాగితాన్ని మొగుడికి గట్టిగా చదివి వినిపించింది: మూడు గంటలకోసారి గోరువెచ్చని పాలు పట్టాలి. చలి తగలనివ్వకూడదు. తల్లిని తలుచుకుని ఏడిస్తే, నడిచే గడియారాన్ని పాత గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. ఆ టిక్కుటిక్కు విని తల్లి గుండె అనుకుని నిద్రపోతుంది.

"పాపం" అన్నాడు ఉపేందర్. అల్మారా మీది అలారం గడియారం తెచ్చి, తన పాత బనీనులో చుట్టి బుట్టలో పెట్టాడు. దూది దానికి చెవి ఆనించి నిజంగానే నిద్రపోయింది. ఇద్దరూ గోడకానుకుని కూర్చుని అరగంట సేపు అది నిద్రపోవడమే చూశారు.

అబద్ధాలు శనివారం మొదలయ్యాయి.

"గడియారం ఏదిరా?" అన్నది ఈశ్వరమ్మ.

"రిపేరుకు ఇచ్చిన."

"మంచిగనే నడుస్తుండె గద!"

"మంచిగ ఉన్నప్పుడే ఇయ్యాలెనమ్మా. చెడినంక ఇస్తే వాడు పైసలెక్కువ గుంజుతడు."

ఈశ్వరమ్మ కొడుకును ఎగాదిగా చూసి వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నానికి పాలు తగ్గాయి. సునంద పిల్లి మీద నెట్టింది. అత్తగారు నిట్టూర్చి ఒక చిన్న గిన్నెలో పాలు పోసి, నడి అర్ర గుమ్మం పక్కనే పెట్టింది. "గిది తాగి పోనియ్యి. పెద్ద గిన్నె జోలికి రాదు" అన్నది. అంత అమాయకురాలిని మోసం చేస్తున్నందుకు సునందకు మనసు చివుక్కుమంది. అయినా ఆ పాలు గోరువెచ్చగా ఉండటం ఎంతో కలిసొచ్చింది.

ఆదివారం దూది కుయ్యిమంది.

"గా సప్పుడేంది సునందా?"

"తలుపు, అత్తమ్మా. బందులు కిర్రుమంటున్నయి."

అంతే. సోమవారం పొద్దున ఈశ్వరమ్మ కొంగు బిగించి, ఆముదం గిన్నె, కోడి ఈక పట్టుకుని ఇంట్లోని తలుపులన్నిటికీ నూనె పెట్టడం మొదలుపెట్టింది. వంటింటి తలుపు అయింది. దేవుడి అర్ర అయింది. నడి అర్ర వైపు అడుగులు రాగానే సునంద బుట్ట ఎత్తుకుని ఇంకో దారి లేక ముందు దుకాణంలోకి పరుగెత్తింది. గద్దె మీద మామగారు సోమేశ్వర్ అటు తిరిగి కూర్చుని ఉన్నారు. ఆయన వీపు వెనక పెద్ద బాలీసు దిండు చాటున బుట్ట పెట్టి, తాను పరదా వెనక్కి తప్పుకుంది.

గద్దె కింద కొత్తగూడ నుంచి వచ్చిన రైతు సేవ్యా తన మిరప బస్తా విప్పి కూర్చున్నాడు. ఎదురుగా వరంగల్ ఖరీదుదారు మధుకర్. ఘాటుకు ఇద్దరూ వంతుల వారీగా తుమ్ముతున్నారు. నడుమ బాలీసు వెనక నుంచి ఒక చిన్న తుమ్ము కూడా వచ్చింది కానీ, మిరప దుకాణంలో తుమ్ములను ఎవరు పట్టించుకుంటారు?

"కాయ మంచిదే గని తడి ఉన్నది" అన్నాడు మధుకర్.

"తడా? ఇరవై రోజులు ఎండల తిరగేసి మరగేసి ఎండవెట్టిన. నా పిల్లలనన్న గంత జాగర్తగ జూడలే. ఇరిచి జూడు, గలగల అంటది" అన్నాడు సేవ్యా.

"సరే, చెయ్యి వెడదాం" అన్నారు సోమేశ్వర్.

ఆ దుకాణంలో ధర నోటితో చెప్పరు. అడ్తిదారు ఒళ్లో తువ్వాల పరుస్తాడు. దాని కింద అతనూ ఖరీదుదారూ చెయ్యి చెయ్యి కలుపుతారు. ఏ వేళ్లు పట్టుకుంటే ఎంత, ఎంత గట్టిగా పట్టుకుంటే ఎంత పట్టుదల అన్నది వాళ్లకు తెలుసు. 'సరే' అన్న మాట పడేదాకా తువ్వాల ఎత్తకూడదు. ఎత్తితే బేరం చెడినట్టే. సోమేశ్వర్ తన తండ్రి కాలం నుంచి ఒక్కనాడూ మధ్యలో ఎత్తలేదు.

పరదా సందులోంచి సునంద బుట్ట వైపు చూసింది. బనీను ఉంది, గడియారం ఉంది. దూది లేదు. ఆమె కళ్లు నలుమూలలా వెతికి చివరికి మామగారి ఒళ్లో ఆగాయి. తువ్వాల అంచు కింది నుంచి తెల్లటి తోక కొస కనిపిస్తోంది. నిద్ర లేచిన పిల్ల వెచ్చని చోటు వెతుక్కుంది, అంతే.

మామగారికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన ముఖం ఒక్క క్షణం వింతగా మారింది. పరదా వైపు చూశారు, కోడలి పాలిపోయిన ముఖం చూశారు, మళ్లీ మిరపకాయల వైపు చూశారు. తువ్వాల మాత్రం ఎత్తలేదు.

మధుకర్ చెయ్యి లోపలికి పోయింది. కాసేపటికి కనుబొమలు పైకి లేచాయి.

"సేటు, రెండు వేళ్లు వట్టిండ్రేంది? గింత ధరనా?"

మధుకర్ వేళ్లు లాక్కోబోయాడు. పట్టు ఇంకా బిగిసింది.

"ఇయ్యాల గట్టిగున్నరు. చెయ్యి తడిగున్నదేంది, పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"అయితే గోళ్లన్న జర తీపిచ్చుకోరాదు!" మధుకర్ ఇంకోసారి లాగాడు. నుదుట చెమట పట్టింది. బస్తా మీది కాయను చూశాడు, సోమేశ్వర్ చలించని ముఖాన్ని చూశాడు. "అబ్బా! సరే! సరే అంటున్న గద, ఇడువుండ్రి!"

సరిగ్గా అప్పుడే బాలీసు వెనక అలారం గణగణా మోగింది. తువ్వాల ఎగిరింది. దాని కింది నుంచి దూది తల బయటపెట్టి, మానుకోటకు వచ్చాక మొదటిసారి భౌ మంది.

కాసేపు అలారం ఒక్కటే మాట్లాడింది. ఎక్కణ్ణుంచో ఉపేందర్ పరుగెత్తుకొచ్చి, చూసి, గోడకు అతుక్కుపోయాడు.

"నేను కుక్కతోని బేరం జేసిన్నా!" అన్నాడు మధుకర్, తన రెండు వేళ్లను చూసుకుంటూ.

"రెండు వేళ్లు నేను వట్టలే. అబద్ధమెందుకు" అన్నారు సోమేశ్వర్.

"కాయను జూసి సరే అన్నవా, కుక్కను జూసి అన్నవా?" అని సేవ్యా నిలదీశాడు.

"పద్ధతి పద్ధతే" అన్నాడు మధుకర్, సోమేశ్వర్ వైపు తిరిగి. "తువ్వాల కింద చెయ్యి ఇంటోళ్లదే ఉండాలె. గిది మీ ఇంటిదే అంటరా, నా మాట మీద నేనుంట. బజారు కుక్క వచ్చి దూరిందంటరా, బేరం లేదు. గిప్పుడు చెప్పుండ్రి, గిది ఎవరిది?"

సునంద లోలోపల లెక్క వేసుకుంది. మాది అంటే అత్తగారు మరిపెడ పోతుంది. కాదంటే దూదీ పోతుంది, సేవ్యా ఇరవై రోజుల ఎండా పోతుంది.

"ఇంట్ల ఎవరుండాల్నో చెప్పేది నేను గాదు" అన్నారు సోమేశ్వర్, పరదా వైపు చూస్తూ.

పరదా తొలగింది. ఆముదం గిన్నెతో ఈశ్వరమ్మ వచ్చింది. గిన్నె కింద పెట్టింది. బుట్టలోకి వంగి ఒక్క వేలితో అలారం ఆపింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని దూదిని ఎత్తుకుంది. అది ఆమె మెడ కింద తల దూర్చి, తెలిసిన మనిషి దగ్గరికి వచ్చినట్టు కళ్లు మూసుకుంది.

"మా ఇంటిదే" అన్నది.

"ఎప్పటి సంది అమ్మా?" అన్నాడు మధుకర్ అనుమానంగా.

"శుక్రారం సంది. పాలు వోసేదాన్ని, నేనెరుగనా?"

మధుకర్ నవ్వేశాడు. "కాయ మంచిదే లే. ధర దగ్గరనే నొప్పయింది" అని తన వేళ్లు ఊదుకున్నాడు. సేవ్యా లేచి దూది తల మీద చెయ్యి పెట్టాడు. "సేటు, మల్ల నేను వచ్చినప్పుడు గీ చిన్న సేటునే కూసోవెట్టుండ్రి."

అందరూ వెళ్లాక సునంద గడియారాన్ని చేతిలోకి తీసుకుంది. దానికి రోజూ కీ ఇవ్వాలి. మూడు రోజులుగా తాను ఇవ్వలేదు, ఉపేందర్ ఇవ్వలేదు. అయినా అది నడుస్తూనే ఉంది. అలారం అసలు తాము పెట్టనే లేదు.

"అత్తమ్మా..."

"మూడు గంటలకోసారి పాలని నువ్వే సదివితివి గద, గోడవతల నాకు ఇనవడదా? ఏడు గంటలకు నువ్వు వోసినవ్, పదికి మల్ల వొయ్యాలె. మర్చిపోతవని కీ ఇచ్చి అలారం వెట్టిన."

"మరి తలుపులకు నూనె?"

ఈశ్వరమ్మ దూది చెవి వెనక గోకుతూ ముఖం పక్కకు తిప్పుకుంది. "తెల్లారి నేను జూడవొయినప్పుడల్ల గా తలుపు నిజంగనే కిర్రుమంటున్నది. మీరు లేస్తరని."

సునంద అత్తగారి భుజం మీద తల ఆనించింది. ఆముదం వాసన వేసింది. ఎందుకో ఆ వాసన చాలా బాగుంది.

ఈశ్వరమ్మ అన్న మాట తప్పే మనిషి కాదు కనుక, ఆ వారంలోనే మరిపెడ బస్సెక్కింది. దూదిని పుట్టింటి వాళ్లందరికీ చూపించి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చింది.