నక్కల కుంట అర పేజీ

వికారాబాద్ చుట్టూ లేస్తున్న ప్రహరీ గోడలను చూసి బెంగపెట్టుకునే వారికి ఒక మనవి. దయచేసి ఆ పని మానండి. ఆ గోడలే లేకపోతే, పక్షులు చూడటానికి విదేశం వెళ్లే మనిషి ఏ గైడు పుస్తకం కొనాలో ఎలా తేల్చుకుంటాడు?

నవ్వకండి. ఇది తాండూరులో ఒక ఇంట్లో రుజువైన సంగతి. గోడల వల్ల ఈ రకంగా లాభపడిన మొదటి కుటుంబం వాళ్లదే. వాళ్ల అనుభవాన్ని నలుగురి ముందు పెట్టడం ఈ కాలమ్ బాధ్యత.

ఆ ఇంటాయన పేరు శ్రీహరి. తాండూరులో నీలం బండల పాలిష్ యూనిట్ నడుపుతాడు. భార్య పద్మారాణి ఆడపిల్లల హైస్కూల్లో బయాలజీ టీచర్. ఇరవై ఏళ్లుగా ఆమె మెడలో మంగళసూత్రం పక్కనే బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి. ఎవరి పెళ్లికి వెళ్లినా ముందు పందిరి మీద వాలిన పిట్టను చూసి, తర్వాతే పెళ్లికూతురిని చూస్తుందని బంధువుల ఫిర్యాదు. శ్రీహరికి మాత్రం పిట్టలు రెండే రకాలు. యూనిట్‌లో గూడు పెట్టేవి, పెట్టనివి.

పద్మారాణికి ఒకే ఒక్క కోరిక ఉంది. శ్రీలంక అడవిలో ఉండే నీలి మాగ్‌పై అనే పిట్టను కళ్లారా చూడాలి. నీలం ఒళ్లు, ఇటుక రంగు తల, ఎర్రటి ముక్కు. ఆ దీవిలో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండదట. ఈలోగా మోకాళ్ల డాక్టరు ఎక్స్‌రే ఎత్తిపట్టి చూసి, వచ్చే ఏడాది ఆపరేషన్ తప్పదన్నాడు. ఎక్కాల్సిన కొండలేమైనా ఉంటే ఈ ఏడాదే ఎక్కేయమన్నాడు. స్కూలు ఇచ్చిన సెలవు ఏడు రోజులు. రానూపోనూ తీసేస్తే అడవికి మిగిలేది ఐదు. పుస్తకం ఒక్క మలుపు తప్పు చెప్పినా ఒక రోజు గంగలో కలిసినట్టే. మళ్లీ వెళ్లడమనే మాటే లేదు.

తెలియనివారి కోసం ఒక వివరం. సైట్ గైడ్ అంటే పక్షుల బొమ్మల పుస్తకం కాదు. ఏ పక్షి కోసం ఏ ఊళ్లో బస్సు దిగాలి, ఏ కాలిబాట పట్టాలి, ఎవరిని అడగాలి అన్నది చెప్పే పుస్తకం. శ్రీలంక మీద అలాంటివి మూడు దొరికాయి. మూడింట్లో ఒకటి ఎంచుకోవడానికి ఆలుమగలకు నాలుగు నెలలు పట్టింది. తమ పెళ్లి ఒక్క పూటలో కుదిరిందని శ్రీహరికి గుర్తొచ్చింది.

ముందు రివ్యూలు చదివారు. రివ్యూలు లేని కాలంలో మనుషులు పుస్తకాలు ఎలా కొన్నారో, కొని ఎలా బతికారో ఆ దేవుడికే తెలియాలి! మొదటి పుస్తకానికి ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చాడు. ప్యాకింగ్ చాలా బాగుందట, ఇంకా విప్పలేదట. రెండో పుస్తకానికి ఒకావిడ రెండే ఇచ్చింది. చెప్పిన చోటే పక్షి కనబడిందట గానీ, జలగలు కూడా కనబడ్డాయట. మూడోది ఒక ఇంగ్లండు దంపతులు రాసింది. దాని మీద ఒకే ఒక్క రివ్యూ ఉంది. పుస్తకంలో నీలం రంగు కొట్టు దగ్గర తిరగమన్నారని, ఆ కొట్టుకు ఇప్పుడు ఆకుపచ్చ రంగు వేశారని, తాను నాలుగు గంటలు నీలం కొట్టు కోసం తిరిగానని ఒక బాధితుడి మొర.

తర్వాత నెట్‌లో ఉచితంగా ఇచ్చే శాంపిల్ పేజీలు తెరిచారు. మూడూ అద్భుతంగా ఉన్నాయి. పద్మారాణి మురిసిపోయింది. శ్రీహరి మాత్రం పెదవి విరిచాడు. ముప్పై ఏళ్లుగా హైదరాబాదు బిల్డర్లకు శాంపిల్ ముక్కలు పంపుతున్న మనిషి ఆయన.

"శాంపిల్ ఎప్పుడన్న మంచి బండ నుంచే కొడ్తరు," అన్నాడు. "బండ ఎట్లుందో తెల్వాలంటే దుకాణంల గాదు, పదేండ్ల కింద పరిచిన ఇంట్ల జూడాలె."

పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త చెప్పిన సలహాను పద్మారాణి నోట్‌బుక్‌లో రాసుకోవడం అదే మొదటిసారి. అంటే, ఈ మూడు పుస్తకాలు రాసినవాళ్లు తనకు బాగా తెలిసిన చోటు గురించి ఎప్పుడైనా రాశారా అని చూడాలి. అది సరిగ్గా ఉంటే, తెలియని చోటు గురించి రాసిందీ నమ్మొచ్చు. వెతికితే, ఇంగ్లండు దంపతులు పదేళ్ల కిందట దక్కన్ ప్రాంతం మీద కూడా ఒక సైట్ గైడ్ రాశారని తేలింది. హైదరాబాదు పాత పుస్తకాల కొట్టులో ఒక కాపీ దొరికింది. అందులో ధారూర్ దగ్గరి నక్కల కుంటకు అర పేజీ ఇచ్చారు.

ఆ కుంట ఆమెకు ఇంటి పెరడంత తెలుసు. ప్రతి చలికాలం తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకెళ్లి వలస బాతులను, తెడ్డుమూతి కొంగలను చూపించేది. ఆరేళ్లయింది మోకాళ్లు మొరాయించి, ఆ పని మానుకుని.

ఆదివారం పొద్దున్నే తాండూరులో ప్యాసింజర్ ఎక్కి ధారూర్‌లో దిగారు. పుస్తకం ఆమె చేతిలో, పెన్సిల్ ఆయన చేతిలో. సరిపోయిన వాక్యానికి టిక్కు, సరిపోని దానికి ఇంటూ. స్టేషన్ నుంచి పడమటి వైపు రోడ్డు అని ఉంది, రోడ్డు ఉంది. టిక్కు. ఆటోలో కొంత దూరం పోయాక పెద్ద చింతచెట్టు దగ్గర ఎడమకు తిరగమని ఉంది. అక్కడ చింతచెట్టు లేదు, వీకెండ్ ఇళ్ల బోర్డు ఉంది. ఇంటూ. కంది చేల మధ్య కాలిబాట అని ఉంది. మనిషి ఎత్తుకు మించిన సిమెంటు పలకల గోడ ఉంది. ఇంటూ.

గోడ వెంట నడిస్తే ఒక గేటు, గేటు మీద కమాను, కమాను మీద ఇంతలావు రంగుల ముక్కుతో ఒక పక్షి బొమ్మ కనబడ్డాయి. ఆ పక్షి మధ్య, దక్షిణ అమెరికాల్లో తప్ప ఉండదని, ఈ ఖండంలోనే లేదని పద్మారాణి అన్నది. అక్కడ విల్లాలు కొనేవాళ్లూ ఈ ఊళ్లో ఉండరు కాబట్టి అందులో తప్పేమీ లేదని ఈ కాలమ్ అభిప్రాయం.

గేటు దగ్గర నీలం చొక్కాలో వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. పద్మారాణి ఆయనను చూసి పుస్తకం మూసింది. మళ్లీ తెరిచింది.

ఆయన కిష్టప్ప. ఒకప్పుడు ఆ కుంట చుట్టూ గొర్లు మేపినవాడు. ఏ తుంగలో ఏ బాతు గుడ్లు పెట్టిందో, ఏ కొంగ ఏ పూట ఎటు పోతుందో ఆయనకు తెలుసు. బడి పిల్లలను వెంటబెట్టుకుని ఎన్నోసార్లు చూపించాడు. ఆమెను గుర్తుపట్టి, కుర్చీ తెచ్చి వేశాడు. మోకాళ్ల సంగతి అడిగాడు. తర్వాత పుస్తకం వైపు చూసి, తెల్ల దొరలు పట్టుకొచ్చేది గిదే గదా అన్నాడు. వాళ్లు వచ్చినప్పుడల్లా అందులో వేలు పెట్టి తన పేరు చూపించేవాళ్లట. ఏం రాశారో మాత్రం ఎవరూ చదివి చెప్పలేదట.

పద్మారాణి తెలుగు చేసి చదివింది. కుంట గట్టు మీద కిష్టప్ప అనే గొర్రెల కాపరి ఉంటాడు, ఆయనను అడగండి. ఈ నీళ్ల గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. డబ్బు ఇవ్వబోకండి, నొచ్చుకుంటాడు. మజ్జిగ ఇస్తే వద్దనకండి.

కిష్టప్ప ఇంకోసారి చదవమన్నాడు. ఆమె ఇంకోసారి చదివింది.

"అప్పుడు సూపిస్తే పైస తీసుకోకపోదును," అన్నాడాయన నెమ్మదిగా. "ఇప్పుడు సూపియ్యకుంట ఉండేటందుకు జీతమిస్తున్నరు."

కుంట ఉందా అని అడిగింది. సగం పూడ్చారట. మిగిలిన సగానికి టైల్స్ వేసి ఈతకొలను చేశారట. తీతువ పిట్టలు అప్పుడప్పుడు వచ్చి, ఆ నీలం నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి పోతాయట. గొర్లు మేపడానికి చోటు లేక అమ్మేశాడట. ఒక్కసారి లోపల చూడొచ్చా అని ఆమె అడగబోతున్నదని ఆయనకు తెలిసిపోయింది. తల దించుకున్నాడు. ఆమె కుర్చీలోంచి లేచింది.

ధారూర్ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని శ్రీహరి మార్కులు కూడాడు. ఆరు వాక్యాలకు రెండే టిక్కులు, రోడ్డుకొకటి, కిష్టప్పకొకటి. ఈ దంపతుల పుస్తకం పనికిరాదని, మిగతా రెండింట్లో ఒకటి కొందామని తీర్పు చెప్పాడు. బండల యూనిట్‌లో రిజెక్టు సరుకును పక్కన పెట్టించే గొంతుతోనే చెప్పాడు.

పద్మారాణికి కోపం వచ్చింది. బడిలో తప్ప ఆమెకు కోపం రావడం తక్కువ.

"వాళ్లు తప్పు రాయలేదండీ. చింతచెట్టు ఉండె. నేనే పిల్లలను దాని నీడల కూసోబెట్టిన. అన్నీ ఉండె."

శ్రీహరి పుస్తకం తీసుకుని, తాను పెట్టిన ఇంటూలను ఒక్కొక్కటే మళ్లీ చూశాడు. పరిచిన బండలు పగిలాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తే స్వయంగా వెళ్లి, బండ లేపి కింద చూసే అలవాటు ఆయనది.

"నిజమే," అన్నాడు చివరికి. "బండ మంచిదే. కింద నేల కుంగింది."

ఇంటూలన్నీ చెరిపేశాడు. ఆ వారమే ఇంగ్లండు దంపతుల శ్రీలంక పుస్తకం తెప్పించారు. చూశారా? గోడ లేకపోతే వాళ్లు గేటు దాకా పోయేవాళ్లా, ఇంత లోతుగా పరిశీలించేవాళ్లా? పచ్చగా ఉన్న కుంటను చూసి మురిసిపోయి, పుస్తకం సంగతే మరిచిపోయేవాళ్లు కాదూ!

జనవరిలో వెళ్లారు. మూడో రోజు పొద్దున అడవి అంచున, పుస్తకం చెప్పిన రెండో మలుపులో, పుస్తకం చెప్పిన రేకుల కప్పు టీ కొట్టు కనబడింది. ముందు బెంచీ ఉంది. టీ పోసే ముసలావిడ ఉంది. ఆమె పారేసే రొట్టె ముక్కల కోసం మాగ్‌పైలు వస్తాయని పుస్తకంలో ఉంది. పద్మారాణి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. మోకాళ్లు పట్టేశాయేమోనని శ్రీహరి కంగారుపడి సంచీలో మందు కోసం వెతికాడు. పక్షి ఇంకా రానే లేదు.

"రాసినట్టే ఉన్నదండీ," అన్నది ఆమె. "అంతా రాసినట్టే ఉన్నది."

కాసేపటికి రెండు వచ్చాయి. రేకు మీద వాలాయి. ముప్పై ఏళ్లుగా నీలం బండల మధ్య బతికిన శ్రీహరి, అంత నీలం తాను ఎన్నడూ చూడలేదని ఒప్పుకున్నాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ ఆ పుస్తకాల చివర పేజీలో ఒక విన్నపం ఉంటుంది. మీరు చూసిన చోట మార్పులేమైనా ఉంటే రాసి పంపండి, కొత్త ఎడిషన్‌లో సరిదిద్దుతాం అని. తాండూరు చేరిన వారానికి పద్మారాణి తెల్లకాగితం ముందు కూర్చుంది. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చించేసింది. రాయకపోతే ఏమవుతుందని శ్రీహరి అడిగాడు.

"ఇంకెవరో వస్తరు. మోకాళ్ల నొప్పులతోని, ఏడు రోజుల సెలవు పెట్టుకొని, గంత దూరం నుంచి. వచ్చి గోడ జూస్తరు."

అయిదోసారి రాసి పంపింది. చెట్టు లేదు, బాట లేదు, కుంట లేదు. ఉన్నది ఉన్నట్టు, పరీక్ష పేపరు దిద్దినట్టు రాసింది. ఇంగ్లండు నుంచి ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. చాలా విచారిస్తున్నామని, నక్కల కుంట అర పేజీ తీసేస్తున్నామని, మీ సహాయానికి పుస్తకంలో కృతజ్ఞతలు చెబుతామని. అన్నట్టే కొత్త ఎడిషన్ పోస్టులో వచ్చింది. కృతజ్ఞతల పేజీలో తొమ్మిదో వరుసలో పద్మారాణి పేరు అచ్చయింది. కిష్టప్ప పేరు ఎక్కడా లేదు.

ఈ పద్ధతి సాగితే ఎంత మేలో ఆలోచించండి. గోడకో అర పేజీ చొప్పున పుస్తకం పలచబడుతుంది. విమానంలో బరువు తగ్గుతుంది. కొన్నాళ్లకు మన జిల్లా వచ్చే విదేశీయులకు ఏ పుస్తకం కొనాలన్న నాలుగు నెలల తర్జనభర్జనే ఉండదు. ఏమీ రాయని పుస్తకంలో తప్పులెలా ఉంటాయి?

మొన్న ఒక ఆదివారం ఆలుమగలు మళ్లీ ధారూర్ వెళ్లారు. కిష్టప్ప గేటు దగ్గరే ఉన్నాడు. కొత్త పుస్తకం వచ్చిందని శ్రీహరి మాటల్లో అనగానే, అందులో నా పేరు ఉందా అని అడిగాడు. పద్మారాణి సంచీలో కొత్తదీ పాతదీ రెండూ ఉన్నాయి. పాతది తీసి, అర పేజీ మళ్లీ మొదటి నుంచి చదివింది, మజ్జిగ దాకా.

కిష్టప్ప తృప్తిగా విన్నాడు. తర్వాత గోడ వైపు చూశాడు. ఆయనకు ఒక చిక్కు వచ్చిపడ్డట్టుంది.

"పేరు ఉన్నదంటే ఇంక వస్తనే ఉంటరు గదమ్మా. అంత దూరం నుంచి వచ్చినోళ్లకు నేనేమని చెప్పాలె?"

పద్మారాణి పాత పుస్తకాన్ని మూసి సంచీలో పెట్టింది. ఆ ప్రశ్నకు జవాబు అవసరం లేదు. ఇక ఎవరూ రారు. ఆ ఏర్పాటు ఆమే స్వయంగా చేసింది.