బరువు పెరిగిన బల్లులు

బల్లులు ఎంత గాలి పీల్చి ఎంత నీరు పోగొట్టుకుంటాయో కొలవడం నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే మా ఆవిడ మాత్రం "ఏదో ఆఫీసులో చేస్తారు" అని మాట మార్చేస్తుంది.

ఆ వారం మా ప్రయోగశాలలో ఏసీ పాడైంది. వేడెక్కితే బల్లి ఒంట్లో కొలిమి రాజుకున్నట్టే. ఊపిరి వేగం పెరుగుతుంది, ఊపిరితో పాటు నీరూ పోతుంది, నా లెక్కలన్నీ గల్లంతవుతాయి. అందుకని వేలెడంత బల్లుల్ని చిల్లుల డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడకు బల్లి పేరు వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. కాబట్టి, ఇవి నాచు మొక్కలనీ, గాలి తగలకూడదనీ, మూత తీయవద్దనీ చెప్పి, చల్లగా ఉండే సామాన్ల గదిలో పెట్టాను.

గాలి తగలకూడదంటూ డబ్బాకు చిల్లులెందుకని ఆవిడ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

రోజూ పొద్దున్నే బంగారం తూచేలాంటి బుల్లి త్రాసు చొక్కాలో దాచుకుని ఆ గదిలోకి దూరేవాణ్ణి. నీరు పోతే బరువు తగ్గాలి. మా బల్లులు పెరిగాయి. మర్నాడు ఇంకాస్త పెరిగాయి. నేను చుక్క నీరు పెట్టలేదు. అంటే గాలిలోని తేమనే తాగేస్తున్నాయన్నమాట. సంతోషం పట్టలేక మా పెద్ద మేడమ్‌కు ఫోన్ చేసి, శాస్త్రం తలకిందులైందని చెప్పేశాను.

మేడమ్ పరుగున వచ్చారు. డబ్బాలోకి తొంగి చూసి, వీటి మూతుల మీద ఈ తడి ఏమిటని అడిగారు. అదే అద్భుతమన్నాను.

టీ తెచ్చిన మా ఆవిడ కప్పులు కింద పెట్టి, ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా చూపించింది.

"నేనే చల్లుతున్నానండీ. ఈయన మొక్కలన్నారు కదా, ఎండిపోతాయని."

"బల్లులని నీకెప్పుడు తెలిసింది?" అన్నాను నీరసంగా.

"మొదటి రోజే. మూత తీయొద్దన్నారుగా, తీశాను."

"మరి భయం వేయలేదా?"

"వేసింది. కానీ మీరు నాతో అబద్ధమాడారన్న కోపం దానికంటే ముందొచ్చింది. తర్వాత చూస్తే, పాపం, నోళ్ళు తెరుచుకుని దాహంతో ఉన్నాయి."

మేడమ్ ఒక బల్లిని మా ఆవిడ అరచేతిలో పెట్టించారు. అది నిమ్మళంగా కళ్ళు మూసుకుంది. అదే బల్లి నా చేతికి వచ్చేసరికి దాని గొంతు తిత్తిలా ఎగిరిపడింది.

"మన ఊపిరి లెక్కలు ఎప్పుడూ ఎక్కువే ఎందుకొస్తాయో ఇన్నాళ్ళకు తెలిసింది" అన్నారు మేడమ్, నా వంకే చూస్తూ.

ఏసీ బాగైంది. బల్లుల్ని పట్టుకునే ఉద్యోగం మా ఆవిడకు వచ్చింది. ఆవిడ లోపల్నుంచి అంకెలు చెబుతుంది, నేను తలుపు బయట నిలబడి రాసుకుంటాను. ఎప్పుడైనా ఆగలేక తొంగి చూస్తే, తలెత్తకుండానే అంటుంది:

"ఊపిరి పెరుగుతోంది, వెనక్కి జరగండి."