తువ్వాలు కింద చేతులు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది, ఒక ఆదివారం పొద్దున, ఆదోనిలో బండి తోలే ఉచ్చీరప్ప వేసుకున్న పథకం చిన్నది. మొదటి బస్సుకు ఎమ్మిగనూరు పోవాలి. అత్తగారింట్లో రొట్టె తినాలి. మామ బసవన్న ఇస్తానన్న ఎద్దును తోలుకొని రావాలి. అతని జోడెద్దుల్లో ఒకటి వానాకాలంలో చచ్చిపోయింది. ఒంటెద్దుతో పత్తి బండి కదలదు. ఈ ఎద్దు రాకపోతే బండి అమ్మేసి, జిన్నింగు మిల్లులో పత్తి బస్తాలు మోయాల్సిందే.

పథకం బస్టాండులోనే చెడింది. మిల్లు గుమాస్తా శేషన్న చంకలో డిటెక్టివ్ నవల పెట్టుకొని అక్కడ నిలబడి ఉన్నాడు.

"నేనూ వస్తానప్పా. ఎద్దు బేరమంటే ఒక్కనివే పోగూడదు."

"బేరం కాదన్నా. మా మామ ఊరికే ఇస్తాండాడు."

"ఊరికే ఇస్తాండాడా? అదే నా అనుమానం" అని శేషన్న బస్సెక్కాడు.

శేషన్న రోజూ మధ్యాహ్నం మిల్లు గోడ నీడలో నవలలు పైకి చదివేవాడు. చదువు రాని ఉచ్చీరప్ప వినేవాడు. ప్రతి నవలలోనూ డిటెక్టివుకు ఒక సహాయకుడు ఉంటాడు. అతనికి తెలివి ఎక్కువ ఉండకూడదు. డిటెక్టివును వదిలి పోకూడదు. సమయం చూసి "ఎలా కనుక్కొన్నారు?" అని అడగాలి. వీటిలో మొదటిది తనకు వర్తించదని ఉచ్చీరప్ప నమ్మకం. మిగతా రెండూ తప్పకుండా చేసేవాడు.

ఎమ్మిగనూరులో అత్తగారి వీధి మలుపు తిరగగానే శేషన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

బసవన్న అరుగు మీద ఎవరో మనిషికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇద్దరి చేతులూ ఒక తువ్వాలు కింద ఉన్నాయి. ఆ ప్రాంతంలో పత్తికైనా పశువుకైనా దళారులు ధర నోటితో చెప్పరు. చూసేవాళ్లకు తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని చెప్పుకొంటారు. బసవన్న తల అడ్డంగా ఊపాడు. మొహం చిట్లించాడు. మళ్లీ అడ్డంగా ఊపాడు. చివరికి ఊపిరి వదిలి, సరేనన్నట్టు తలాడించాడు.

"కుదిరింది" అన్నాడు శేషన్న. "మీ మామ నీ ఎద్దును అమ్మేసినాడు."

ఉచ్చీరప్పకు మిల్లు బస్తాలు కళ్ల ముందు కనబడ్డాయి. అయినా అలవాటు కొద్దీ "ఎట్ల కనుక్కొంటివన్నా?" అన్నాడు.

"అది తర్వాత సెప్తా. కొన్నోడు తోలుకపోకముందే ఎద్దును దాసిపెట్టాల. సరుకు లేకుంటే బేరం లేదు."

ఇద్దరూ వెనక దొడ్డికి పోయారు. ఉచ్చీరప్ప పగ్గం విప్పి ముందు నడిచాడు. ఎద్దు అతన్ని ఎరిగినదే కాబట్టి ఏమీ అనకుండా వచ్చింది. శేషన్న వెనక నడిచాడు.

నేతగాళ్ల వీధిలో చిన్నప్ప అనే నేతగాడు పడుగు పోగులను వీధి పొడవునా సాగదీసి, కుంచెతో గంజి రాస్తున్నాడు. ఎద్దుకు గంజి వాసన తగిలింది. మూతి పెట్టి నాకింది. పగ్గం లాగితే కొన్ని పోగులు తెంపుకొని వచ్చింది.

"ఓయ్! కండ్లు యాడ పెట్టుకున్నారప్పా?" చిన్నప్ప కుంచెతో పరుగెత్తుకొచ్చాడు.

శేషన్న గొంతు తగ్గించాడు. "అరవొద్దు. ఇది దొంగతనం కేసు. విచారణ జరుగుతాండాది. ఎవురికీ సెప్పొద్దు."

ఎవరికీ చెప్పొద్దన్న మాట వాళ్లకంటే ముందు ఊరు చుట్టింది. ఎద్దుల దొంగలు దిగారని విని ప్రతి మనిషీ తన దొడ్డికి పరుగెత్తాడు. బసవన్న కూడా పరుగెత్తాడు.

ఎద్దును పాడుబడ్డ సున్నపుబట్టీ వెనక కట్టేసి, వీళ్లిద్దరూ ఏమీ ఎరగనట్టు వీధి వాకిలి నుంచి వచ్చేసరికి, బసవన్న ఒక్క చేత్తో గుండె బాదుకుంటున్నాడు. కుడిచేతికి వెదురుబద్దల కట్టు ఉంది.

"అల్లుడా, నీ ఎద్దును ఎవుడో తోలుకపాయె!"

"సేతికేమైంది మామా?"

"మొన్న బావికాడ పడితి. ఎముక తొలిగింది. కట్టు కట్టే ఆయప్ప ఆలూరు నుంచి వచ్చినాడు. సూస్తే సెయ్యి గుంజుకుంటానని పైన తువ్వాలు కప్పి లాగినాడు. సెయ్యి కుదిరె, ఎద్దు పాయె!"

ఉచ్చీరప్ప శేషన్న వైపు చూశాడు. శేషన్న ఇంటి కప్పు వైపు చూస్తున్నాడు.

"దొంగల్ని పట్టే పుస్తకాలు సదివే గుమాస్తావు నీవేనా?" అన్నాడు బసవన్న. "మా అల్లుడు సెప్పినాడు. నీవే కనుక్కోవాలప్పా."

కాదనడం శేషన్న వల్ల కాలేదు. ఇన్నేళ్లకు ఒక మనిషి అతన్ని ఆ మాట అడిగాడు. వంగి గిట్టల గుర్తులు చూశాడు, మట్టి వాసన చూశాడు, జనాన్ని వెంటేసుకొని నేరుగా సున్నపుబట్టీకి నడిచాడు. ఎద్దు కనబడగానే జనం ఈలలు వేశారు. అప్పుడు చిన్నప్ప ముందుకొచ్చి శేషన్నను చూపాడు.

"ఈయప్పే! పొద్దున ఎద్దునూ దొంగనూ ముందర పెట్టుకొని నడిపిస్తాండె. పగ్గం పట్టుకున్నోడే దొంగ. అదిగో, వాడే!"

కుంచె ఉచ్చీరప్పను చూపింది. ఏ నవలలోనూ సహాయకుడికి ఈ అవస్థ రాలేదు.

శేషన్న కాసేపు కీర్తిలో నిలబడ్డాడు. తర్వాత "కాదప్పా. విప్పమన్నది నేను. దొంగను నేనే" అన్నాడు.

"సూడండి! స్నేహితుని తప్పు మీదేసుకుంటాండాడు. ఎంత మంచోడు!" అన్నారు జనం.

గట్టిగా చెప్పినకొద్దీ ఇంకా మెచ్చుకున్నారు. అత్త అంజనమ్మ జనాన్ని తోసుకొని వచ్చింది.

"ఉండండప్పా. అల్లునికి ఇచ్చే ఎద్దును అల్లుడే ఎత్తుకపోతాడా? నీ నోటితో సెప్పు అల్లుడా."

దొంగ అనిపించుకోవడం కంటే ఇది కష్టం. ఉచ్చీరప్ప నేల చూస్తూ చెప్పాడు. "తువ్వాలు కింద సేతులు సూసి, అమ్మేసినావనుకొంటిని మామా. మాట తప్పినావనుకొంటిని."

బసవన్న తన కట్టు వైపు చూసుకున్నాడు.

"తల అడ్డం ఊపితివి గదా మామా..."

"ఎముక లాగుతాంటే ఊపకుండా పాట పాడమంటావా?" అని బసవన్న అరిచాడు. ఆ తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. "ఆడ నిలబడి సూసింటే నేనూ అట్లే అనుకుంటాంటి పో." పగ్గం విప్పి అల్లుడికి చాచాడు.

"ఎడమసేత్తో ఇస్తావా?" అంజనమ్మ పగ్గం లాక్కొని తన కుడిచేత్తో ఇచ్చింది.

చిన్నప్ప మాత్రం కదలలేదు. "మరి నా పడుగు?"

తెగిన పోగులు శేషన్న ముడివేయాలని, ఎద్దు నాకినంత మేర మళ్లీ గంజి రాయాలని తీర్పయింది. ఎండ ముదరకముందే బయల్దేరమని అత్త చెప్పినా ఉచ్చీరప్ప కదల్లేదు. ఎద్దును గంజికి దూరంగా కట్టేసి, ఇంకో కుంచె తీసుకొని పడుగుకు అవతలి వైపు నిలబడ్డాడు.

ఆ పడుగుతో నేసిన చీరలు ఆదోనిలోనే అమ్ముడుపోయాయి. ముడులు ఎక్కడున్నాయో ఎవరూ కనుక్కోలేదు.