ముసుగు కారు, మొక్కు పొట్టేలు

పొద్దున్నే బయలుదేరాలి. దేవరకొండ గుట్టల రోడ్ల మీద కొత్త కారును నడిపి చూడాలి. దారిలో అక్క చేతి అన్నం తిని, చీకటి పడకముందే హైదరాబాదులో కారు అప్పజెప్పాలి. పరమేష్ వేసుకున్న పథకం ఇంతే. ఇంత చిన్న పథకం చెడడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, ఒక గొర్రె చాలు.

పరమేష్ ఒక కార్ల పత్రికలో విలేకరి. కొత్త కార్లు నడిపి వాటి మంచిచెడ్డలు రాయడం అతని ఉద్యోగం. ఒకప్పుడు రేసుల్లోనూ నడిపేవాడు. నాలుగేళ్ల కింద తమిళనాడులో ఒక రేసులో కారు పల్టీ కొట్టింది. పరమేష్ కాలు విరిగి బతికాడు. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే నాగేందర్, నారాయణపేట నేతగాళ్ల బిడ్డ, తలుపు లోపలికి నొక్కుకుపోయి అక్కడికక్కడే పోయాడు. అప్పటినుంచి పరమేష్ రేసులు మానేశాడు. మాత్ర లేకపోతే రానని నిద్ర కూడా అతన్ని మానేసింది. వేగం తగ్గిన విలేకరికి పత్రికలో మర్యాద కూడా తగ్గుతూ వచ్చింది.

"ఈ వ్యాసం బాగా వస్తేనే నువ్వుంటావు," అని ఎడిటర్ మనీష ముందురోజే తేల్చి చెప్పింది. "ఆ కంపెనీ ప్రకటనలతోనే మన పత్రిక నడుస్తోంది. విడుదలయ్యేదాకా బండి ఎవరి కంటా పడొద్దు. ఒక్క ఫొటో బయటికొచ్చినా నీ ఉద్యోగం పోయినట్టే."

అందుకే కారు ఒంటినిండా నల్లవీ తెల్లవీ చారల స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. దాని రూపం ఎవరూ పోల్చుకోకుండా కంపెనీ తొడిగిన ముసుగది.

గుట్టల్లో నడపడం అయింది. మధ్యాహ్నానికి అక్క నాగరాణి ఊరు చేరాడు. గొర్ల దొడ్డి ముందు నిలబడ్డ నాగరాణి, స్టీరింగు వెనకనుంచి తమ్ముడు దిగడం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రమాదం తర్వాత అతడు ఎప్పుడొచ్చినా బస్సులోనే వచ్చాడు.

"తమ్మీ, నువ్వే నడుపుకుంట వచ్చినవా?"

"అవునక్కా."

"బండి కొన్నవా?"

కాదు, కంపెనీదని చెప్పాల్సింది. అక్క కళ్లలో నీళ్లు చూసి మాట మార్చాడు. "జర అన్నం పెట్టక్కా, కాలు గుంజుతాంది," అన్నాడు. "బండి జోలికి ఎవ్వరు పోవద్దు. దాని మొఖం ఎవ్వలకు కనవడొద్దు."

తిన్నాడు, నొప్పి మాత్ర మింగాడు, ఓ గంట నడుం వాలుద్దామని మంచం మీద ఒరిగాడు. నాలుగేళ్లుగా బతిమాలినా రాని నిద్ర ఆ పూట పిలవకుండానే వచ్చింది.

అతడికి తెలియని సంగతి ఒకటుంది. తమ్ముడు దవాఖానలో తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు నాగరాణి బీరప్పకు మొక్కుకుంది. తమ్ముడు బతికి, మళ్లీ తన చేతులతో బండి నడుపుకుంటూ ఇంటికొస్తే, ఆ బండి ముందే పొట్టేలును ఇస్తానని. అప్పుడు మొక్కుకు వదిలిన పాలు తాగే గొర్రెపిల్ల ఇప్పుడు మెలికలు తిరిగిన కొమ్ములతో మందకే పెద్దయింది.

"ఇయ్యాల్నే మొక్కు తీర్చాలె," అంది భర్త సైదులుతో. "రేపంటే మల్ల బస్సుల వస్తడు."

అత్త గుర్వమ్మ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. "గీ చారలేందే?"

"మొఖం కనవడొద్దన్నడు అత్తమ్మా."

"దిష్టి తగుల్తదని ఏసిండు. మంచిదే. గని దేవుని ముందట ముసుగేంది బిడ్డా? ఏ బండికి మొక్కిండ్రో బీరప్పకు ఎట్ల తెలుస్తది?"

సైదులు వేడినీళ్లు పోసి, స్టిక్కర్ల మూలలు పట్టి లాగాడు. ఏటా గొర్లకు ఉన్ని కత్తిరించే చేతులు, కారుకెంతసేపు? లోపలినుంచి ఎర్రటి కారు తళతళలాడుతూ బయటపడింది. దానికి పసుపు కుంకుమలు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలుంచి, బంతిపూల దండ వేశారు. సైదులు నాలుగు దిక్కులనుంచీ ఫొటోలు తీసి, మా బామ్మర్ది కొత్త కారు అని గొర్ల సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సంఘం చిన్నదేమీ కాదు, హైదరాబాదు దాకా ఉంది.

తర్వాత పొట్టేలును తెచ్చి పసుపునీళ్లు చల్లారు. నీళ్లు పడ్డాక అది ఒళ్లు జాడిస్తేనే దేవుడు ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి. పొట్టేలు జాడించలేదు. కారు ఎడమ తలుపులో దానికి ఇంకో పొట్టేలు కనిపించింది. అదీ పసుపు పూసుకుని ఉంది, అదీ గుర్రుగానే చూస్తోంది. ఇది రెండడుగులు వెనక్కి వేస్తే అదీ వేసింది. ఏ పొట్టేలు మాత్రం ఊరుకుంటుంది?

అది తలుపును గుద్దిన చప్పుడుకు పరమేష్ ఉలిక్కిపడి లేచాడు. నాలుగేళ్లుగా అతని కలలోకి వచ్చే చప్పుడే అది. రెండోసారి వినబడ్డాక కల కాదని తెలిసి బయటికి ఉరికాడు. ముసుగు లేని కారు, మెడలో దండ, సొట్టపడ్డ తలుపుకు ఎదురుగా మూడోసారికి సిద్ధమవుతున్న పొట్టేలు. జేబులో ఫోను మోగుతోంది.

"పరమేష్! ఆ బంతిపూలేంటయ్యా?" మనీష గొంతు. "ఊరందరి ఫోన్లలో ఆ కారే ఉంది! కంపెనీవాళ్లు కేసు పెడతామంటున్నారు."

"మేడమ్, మా అక్క మొక్కు..."

అవతల ఫోను పెట్టేశారు. పరమేష్ అరుగు మీద కూలబడ్డాడు. బండి కంపెనీదని అతడు చెప్పాక, ఏం జరిగిందో నాగరాణికి అప్పుడు అర్థమైంది.

"తప్పైంది తమ్మీ. నీ నౌకరి పోతదా?"

అతడు జవాబు చెప్పేలోపే కంపెనీ అధికారి ఫోను చేశాడు. తిట్లు తినడానికి పరమేష్ సిద్ధపడ్డాడు. కానీ ఈలోపు సైదులు తన పొట్టేలు ప్రతాపాన్ని వీడియో తీసి, దాన్నీ గ్రూపులో పెట్టేశాడు. ఏనుగు గుద్దినా చెక్కుచెదరదని కంపెనీ ప్రకటన సిద్ధం చేసుకున్న తలుపు అది.

"పరమేష్ గారూ," అధికారి గొంతులో బెల్లం కరుగుతోంది. "లారీ తగిలిందని రాయండి. కేసులేమీ ఉండవు. ఏడాదిపాటు కారు మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఉద్యోగానికి నాది పూచీ."

పోయిందనుకున్నదంతా తిరిగొచ్చి కాళ్ల దగ్గర నిలబడింది. పరమేష్ లేచి, కుడి తలుపు తీసి లోపలికి వంగి చూశాడు. ఎడమ తలుపు నొక్కుకుపోయి పక్క సీటుకు ఆనుకుని ఉంది. నాగేందర్ కూర్చునే వైపు. లారీ కాదు, చెట్టు కాదు, గడ్డి తినే జీవం గుద్దితే ఇలా అయింది. అతనికి ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

"సార్," అన్నాడు, పట్నం భాష ఎటుపోయిందో పోయింది. "గుద్దింది లారీ కాదు, మా అక్క పొట్టేలు. గట్లనే రాస్త."

అలాగే రాశాడు. పత్రిక దాన్ని అచ్చు వేయలేదు, అతన్ని తీసేసింది. వ్యాసాన్ని సైదులు గొర్ల సంఘం గ్రూపులో పెట్టాడు. అక్కడినుంచి అది పత్రిక ఎన్నడూ పోని చోట్లకు పోయింది. కంపెనీ కారు విడుదల వాయిదా వేసి, తలుపుల్లో ఇనుప బద్దలు వేయిస్తోందని తర్వాత తెలిసింది. నాగేందర్ తిరిగి రాడు. పరమేష్‌కు పని దొరకలేదు గానీ, మాత్ర లేకుండా నిద్ర మాత్రం పడుతోంది.

పొట్టేలు ఇప్పటికీ ఒళ్లు జాడించలేదు కాబట్టి ఎవరూ దాన్ని కోయలేదు. దేవరకొండ చుట్టుపక్కల పాత కారు కొనేవాళ్లు బేరం కుదిరేముందు బండిని సైదులు దొడ్డి ముందుకు తెచ్చి, "అన్నా, జర మీ పొట్టేలుతోని ఒక్కపారి గుద్దిపియ్యరాదే," అంటున్నారు.

పరమేష్ ఖాళీ చేసిన ఉద్యోగం ఆ విధంగా భర్తీ అయింది.