నేనే అడిగినా చెప్పొద్దు

ఆ రోజు ఉదయం తాళంకప్ప వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు చేరాలి. పదిన్నరకు కంపెనీ మాస్టర్ పాస్‌వర్డ్ మార్చాలి. పదకొండింటికి తనిఖీకి వచ్చే ఆడిటర్‌కు నవ్వుతూ కుర్చీ చూపించాలి. ఇందులో తలకిందులయ్యే భాగం ఏదీ కనిపించలేదు కాబట్టి, అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని హుషారుగా వంటింట్లోకి వచ్చాడు.

తాళంకప్ప అన్నది అతని పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. నలభై మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అతను భద్రతాధికారి. టీ తాగడానికి లేచినవాడి కంప్యూటర్ తెరిచి ఉంటే దాని మీద ఎర్ర కాగితం అంటించి వెళ్లే మనిషి. ఆ పేరు ఆఫీసులో వాళ్లే పెట్టారు. అతనికి ఆ సంగతి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా.

ఇంట్లోనూ అదే వరస. ఫ్రిజ్ తలుపు మీద అతను స్వహస్తాలతో రాసి అంటించిన చార్టు ఒకటి ఉంది. అందులో ఆరు సూత్రాలు, అడుగున కంపెనీ హెల్ప్ డెస్క్ నంబరు. భార్య పళ్ల డాక్టరు, ఎనిమిదింటికే క్లినిక్‌కు వెళ్లిపోతుంది. కాబట్టి ఈ చార్టంతా ఒక్క అత్తగారి కోసమే. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆ రోజుల సంగతులేవో చెప్పబోయినప్పుడల్లా అల్లుడు తన ఫోను చూసుకుంటూ "ఊఁ" కొట్టేవాడు. మూడో "ఊఁ" దగ్గర ఆవిడే ఆపేసేది.

"అత్తయ్యా, బ్యాంకు నుంచి అంటూ ఫోనొచ్చి ఓటీపీ అడిగితే?" అన్నాడు కప్పు అందుకుంటూ. రోజూ ఒకసారి అప్పజెప్పించుకోకపోతే అతనికి కాఫీ దిగదు.

"పెట్టేస్తాను."

"మీ అమ్మాయి గొంతుతో ఏడుస్తూ అడిగితే?"

"గొంతులు కూడా తయారుచేస్తున్నారటగా. పెట్టేస్తాను."

"వీడియోలో మొహం కనిపిస్తే?"

"మొహాలూ తయారుచేస్తున్నారు. చార్టులో రెండోదీ మూడోదీ అవే కదండీ."

"సరే, నేనే అడిగితే?"

ఆవిడ బీన్స్ తుంచడం ఆపకుండానే, "మీరే అడిగినా చెప్పను" అంది.

"అదీ" అని అతను ఆరో సూత్రం కింద పెన్నుతో ఇంకో గీత గీశాడు. "నేనే అడిగినా చెప్పొద్దు" అన్న ఆ సూత్రం అతనికి ప్రాణం. అంతటి సూత్రం ఇంకెవరికీ తట్టదని అతని నమ్మకం.

ఆఫీసుకు వెళ్లేసరికి యజమాని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఒక పెద్ద ఆసుపత్రి తన రోగుల రికార్డులన్నీ ఈ కంపెనీ చేతిలో పెట్టాలా వద్దా అన్నది ఆ రోజు తనిఖీతో తేలుతుంది. "ఇది పోతే ఆర్నెల్లలో ఈ గదులు ఖాళీ చేస్తాం. అందరికంటే ముందు ఎవరి కుర్చీ లేస్తుందో నీకు చెప్పక్కర్లేదనుకుంటా" అన్నాడాయన. తాళంకప్ప ధీమాగా నవ్వాడు.

తొంభై రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్నది అతను పెట్టిన నియమమే. ఆ రోజు తొంభయ్యో రోజు. మార్చాడు. మార్చిన వెంటనే అందరి కంప్యూటర్లూ బయటికి నెట్టేశాయి. అది మామూలే. మళ్లీ లోపలికి వెళ్లబోతే, "మీ రిజిస్టర్డ్ నంబరుకు ఆరంకెల కోడు పంపాం. పది నిమిషాల్లో నమోదు చేయండి" అంది తెర. పోయిన నెలలోనే అతను పెట్టించిన కొత్త కాపలా అది, కాబట్టి అదీ అనుకున్నదే. మామూలు కానిదల్లా ఆ నంబరు చివర ఉన్న నలభై ఏడు. అతని నంబరు చివర నలభై ఏడు లేదు.

మరి ఎవరి నంబరు చివర ఉంది? ఒక్క నిమిషం పట్టింది గుర్తుకు రావడానికి. ఆరేళ్ల కిందట కంపెనీ రెండు గదుల్లో మొదలైనప్పుడు మాస్టర్ ఖాతా తెరిచింది అతనే, తన అప్పటి నంబరుతో. మూడేళ్ల కిందట కొత్త నంబరు తీసుకుని, పాత సిమ్ముని అత్తగారి ఫోనులో వేసిచ్చాడు. ఖాతాలో నంబరు మార్చడం మర్చిపోయాడు. నలభై మందిని ఎర్ర కాగితాలతో వేపుకు తిన్న మనిషి కంపెనీ తాళంచెవిని మూడేళ్లుగా వంటింట్లో పెట్టి తిరుగుతున్నాడన్నమాట. మూడు కోడులు వృథా అయితే ఖాతా ఒక రోజంతా మూతపడుతుంది. అది కూడా, ఊహించే ఉంటారు, అతను పెట్టిన నియమమే.

అయినా భయమేముంది, అత్తగారేగా అనుకున్నాడు. నలుగురూ వినకుండా గాజు తలుపు దాటి మెట్ల దగ్గరికి వెళ్లి ఫోను చేశాడు. పని పడ్డ మనిషి కాబట్టి మర్యాదగానే మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, బాగున్నారా? కాఫీ తాగారా?"

అటువైపు రెండు క్షణాలు చప్పుడు లేదు. "ఎవరు మాట్లాడేది?"

"నేనే అత్తయ్యా, మీ అల్లుణ్ణి. మీ ఫోనుకి ఆరంకెల కోడొకటి వచ్చుంటుంది. ఒక్కసారి చదవండి. చాలా అర్జంటు."

"చూడు నాయనా" అంది ఆవిడ. తాళంకప్ప ఉలిక్కిపడ్డాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆవిడ అతన్ని 'మీరు' తప్ప మరో మాట అనలేదు. "గొంతు బాగానే పట్టావు. కానీ పాఠం సరిగ్గా చదువుకుని రాలేదు. మా అల్లుడు గారు ఫోను చేస్తే 'పార్సిల్ వచ్చిందా' అంటారు, పెట్టేస్తారు. బాగున్నారా అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. నీ పప్పులు నా దగ్గర ఉడకవు."

ఫోను పెట్టేసింది. కోపం కంటే ముందు అతనికి ఎక్కడో చురుక్కుమంది. కానీ చురుక్కుమన్న చోటు వెతుక్కునే తీరిక లేదు. మొదటి కోడు పోయింది. ఫోనులోంచే రెండో కోడు పంపమని ఖాతాకు చెప్పి, వీడియో కాల్ చేశాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని తెరలోకి తేరిపార చూసింది. "మొహం కూడా చేశావే. కష్టపడ్డావు పాపం. జుట్టు మాత్రం కాస్త ఎక్కువ పెట్టావు."

"అది వెనకనించి పడే వెలుతురు అత్తయ్యా. దయచేసి నమ్మండి, మీకు దండం పెడతాను."

"అదుగో. మా అల్లుడు గారు దండం పెట్టే మనిషి కాదు" అని కెమెరా మీద బొటనవేలు అడ్డం పెట్టి ఆపేసింది.

ఈలోగా తలుపు తోసుకుని యజమాని వచ్చాడు. లోపల నలభై మందీ చేతులు కట్టుకుని కూర్చున్నారని, అసలేం జరుగుతోందని అడిగాడు. తాళంకప్ప నీళ్లు నములుతూ చెప్పాడు. ఆయన ఫోను లాక్కుని, "అమ్మా, నేను కంపెనీ యజమానిని మాట్లాడుతున్నాను" అన్నాడు గంభీరంగా.

"రండి, మీ కోసమే చూస్తున్నాను" అంది ఆవిడ. "చార్టులో నాలుగోది తొందరపెట్టేవాడు దొంగ. అయిదోది, పై అధికారిని లైన్లోకి తెస్తే వాడు ఇంకా పెద్ద దొంగ. ఈ వయసులో మీకిదేం పనండీ? ఇంట్లో పిల్లలకి తెలుసా?"

ఆయన మొహం కందగడ్డలా చేసుకుని ఫోను తిరిగిచ్చాడు. విసవిసా లోపలికి వెళ్లిపోయాడు. తలుపు ఆయన వెనకే మూసుకుంది. తాళంకప్ప భార్యకు ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. బదులుగా ఒక సందేశం వచ్చింది: "మా ఆయన ఫోను ఎవరు కొట్టేశారో గానీ, అమ్మ అంతా చెప్పింది. మర్యాదగా తిరిగి ఇచ్చెయ్యండి." రెండో కోడు గడువు కూడా అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

ఇంటికే వెళ్దామనుకుని, లోపలున్న కారు తాళాల కోసం తలుపు మీద తన ఆఫీసు కార్డు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. తుడిచి పెట్టాడు. మళ్లీ ఎర్రదీపమే. గాజు అవతల హెల్ప్ డెస్క్ అమ్మాయి చేతిలో కాగితాల కట్టతో ప్రత్యక్షమైంది.

"సారీ సార్. మీ గొంతూ మొహమూ ఎవరో ఎత్తుకెళ్లారని ఇంటి నుంచి ఫిర్యాదొచ్చింది. రూలు ప్రకారం మీ కార్డు ఆపేశాను."

"నేను నీ ఎదురుగానే ఉన్నాను కదమ్మా."

"ఎదురుగా ఉన్నా సరే, గుర్తింపు రుజువయ్యేదాకా లోపలికి రానివ్వద్దని ఆరో పేజీలో మీరే రాశారు. బతిమాలితే అనుమానం పెంచుకోవాలని ఏడో పేజీలో రాశారు. ఫిర్యాదు చేసినావిడనే వచ్చి గుర్తుపట్టమన్నాను సార్. బయల్దేరారు."

సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుని ఆసుపత్రి పంపిన ఆడిటర్ దిగింది. నెరిసిన జుట్టు, చేతిలో నోటు పుస్తకం. గాజు తలుపుకు ముక్కు ఆనించి నిలబడ్డ మనిషిని చూసి, "ఇక్కడ భద్రతాధికారి ఎవరండీ?" అని అడిగింది.

"నేనేనండి" అన్నాడు తాళంకప్ప.

"అదే ఇంకా తేలలేదు మేడమ్" అంది గాజు అవతలి అమ్మాయి, వినయంగా.

ఆడిటర్ పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు రాస్తూనే ఉంది. ఆ ఇరవై నిమిషాలూ అతను నలభై మంది మొహాల్ని గాజులోంచి చూస్తూ నిలబడ్డాడు. అందరూ ఇటే చూస్తున్నారు. పోయిన నెలలోనే ఇల్లు మారిన కుర్రాడూ, ఈ ఉద్యోగం కోసం మరో ఉద్యోగం వదులుకుని వచ్చినావిడా వాళ్లలో ఉన్నారు. ఇన్నాళ్లూ ఎవరి తప్పుల కోసం తిరిగాడో వాళ్ల బతుకులిప్పుడు తన తప్పుకు వేలాడుతున్నాయనుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

లిఫ్టు మళ్లీ తెరుచుకుంది. అత్తగారు. చంకన సంచీ, సంచీలోంచి తొంగిచూస్తూ చుట్టచుట్టిన ఫ్రిజ్ చార్టు. ఆవిడ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"మనిషి ఆయనలాగే ఉన్నాడు. కానీ మొహం చూసి చెప్పకూడదుగా. ఒక ప్రశ్న అడుగుతాను. నేను ఎక్స్ఛేంజిలో ఎన్నేళ్లు పనిచేశాను?"

తాళంకప్ప నోరు తెరిచాడు. ఎన్నిసార్లు చెప్పబోయిందో ఆవిడ. ఎన్ని "ఊఁ"లు కొట్టాడో తను. "ఇరవై... అయిదా అత్తయ్యా?" అన్నాడు.

అత్తగారు నిట్టూర్చింది. హెల్ప్ డెస్క్ అమ్మాయి వైపు తిరిగి, "ఈయనే మా అల్లుడు గారు. దొంగైతే కనుక్కుని వచ్చేవాడు" అంది.

తలుపు తెరుచుకుంది. అతనికి భూమిలోకి దిగిపోవాలనిపించింది గానీ దానికీ తీరిక లేదు. ఆఖరి కోడు పంపమన్నాడు. ఆవిడ సంచీలో ఫోను కుయ్యిమంది. అతను చెయ్యి చాచాడు.

"ఉహుఁ. ఆరోది" అంది ఆవిడ. "మీరే అడిగినా చెప్పొద్దన్నారు."

"అత్తయ్యా, ఆరోది నేనే కొట్టేస్తాను."

"ఇంత హడావిడిలో రూలు మార్చకూడదు. చెప్పొద్దన్నారు, నొక్కొద్దనలేదుగా. కుర్చీ ఇలా జరపండి. అందరూ అటు తిరగండి."

నలభై మందీ గోడ వైపు తిరిగారు. యజమానీ తిరిగాడు. ఆడిటర్ కూడా పుస్తకం మూసి తిరిగింది. వెనక నుంచి తొణక్కుండా బెణక్కుండా ఆరు మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది, ఒకే వేగంతో. వేల నంబర్లు కలిపిన వేళ్లవి. తెర తెరుచుకుంది.

ఆడిటర్ సాయంత్రం దాకా అన్నీ చూసింది. వెళ్లేముందు యజమానితో, "రెండు విషయాలు రాశాను" అంది. "కంపెనీ తాళంచెవి ఇంటి ఫ్రిజ్ పక్కన ఉంది. అది ఘోరం. ఇవాళే సరిచెయ్యాలి. రెండోది, పదకొండేళ్లుగా తనిఖీలు చేస్తున్నాను. భద్రతా నియమాలు కాగితం మీద అందరికీ ఉంటాయి. ఎవరు మీద పడ్డా వాటిని పాటించిన మనుషుల్ని ఇవాళే చూశాను, ఈవిడా, హెల్ప్ డెస్క్ అమ్మాయీ. మా రికార్డులు మీ దగ్గర పెట్టొచ్చు." ఆ తర్వాత అత్తగారి వైపు తిరిగి, "మా ఆసుపత్రిలో కూడా ఒకసారి చెప్పండమ్మా" అంది.

"నాదేముందండీ, మా అల్లుడు గారు నేర్పినదే" అంది అత్తగారు. ఆ మాటకు తాళంకప్ప తల ఎత్తలేకపోయాడు.

ఇంటికి వెళ్తూ కారులో అతనే అడిగాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆవిడ లైన్లో చావులు విన్నది, పెళ్లిళ్లు విన్నది, పెద్దపెద్ద వాళ్ల గుట్లు విన్నది. ఒక్క ముక్క బయట అనలేదు. ఇంట్లో మొగుడికీ చెప్పలేదు. "వాళ్ల మాటలు వాళ్లవి. మన చెవిలోంచి వెళ్లినంత మాత్రాన మనవవుతాయా?" అంది మామూలుగా. తను ఆరు సూత్రాలు రాసి మురిసిపోయిన సంగతిని ఈవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు చార్టు లేకుండా చేసిందని అతనికి అర్థమైంది. ఇల్లు వచ్చినా కారు దిగకుండా గంటసేపు విన్నాడు. ఒక్కసారి కూడా "ఊఁ" అనలేదు. మనిషి మారాలని గట్టిగా అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో పని మధ్యలో లేచి, మెట్ల దగ్గరికి వెళ్లి ఇంటికి ఫోను చేశాడు.

"అత్తయ్యా, భోంచేశారా?"

అటువైపు రెండు క్షణాలు చప్పుడు లేదు. ఆ తర్వాత ఫోను పెట్టేసిన శబ్దం వినిపించింది.

అతను తిరిగి లోపలికి వెళ్లబోతే, తలుపు దగ్గర అతని కార్డుకు ఎర్రదీపం వెలిగింది.