నీళ్లడగని తోట

ఆ ఉదయం జయరావు పెట్టుకున్న పని ఒక్కటే: పదింటికి కంపెనీ పెద్దసాబు వచ్చేలోగా తోటలో మొక్కల పేర్ల బోర్డులు పాతాలి. గనుల ఊరు బచేలిలోని కంపెనీవారి పలాశ్ గెస్ట్‌హౌస్ తోట అతని చేతిమీదే నడుస్తోంది. రోజూ ట్యాంకరు నీళ్లు తాగే లాన్‌ను పీకించి, అడవి మొక్కలు నాటించింది అతనే. "చుక్క నీరక్కర్లేదు సార్" అని సాబుకు మాటిచ్చిందీ అతనే. మాట తప్పితే బదిలీ ఖాయం. కూతురు నవీనకు ఈ ఏడే పదో తరగతి. నడుమలో బడి మారితే పిల్ల చదువు గంగలో కలిసినట్టే.

వారం రోజులు పెళ్లికని విజయనగరం వెళ్లి రాత్రే దిగాడు. తీరా చూస్తే మొక్కలకు ఆకన్నది లేదు. అన్నీ పుల్లలే.

"ఓర్నాయనోయ్! సుక్కీ, ఇవన్నీ సచ్చిపోనాయేటే!"

అడవినుంచి మొక్కలు తెచ్చి నాటిన తోటపని సుక్కి ఊడుస్తున్న చీపురు ఆపనైనా లేదు. "సావలే సారూ. ఎండకు నిద్రవోతయి, వాన వడితే లేస్తయి. అడివిల గిట్లనే ఉంటయి."

"సాబు వానలదాకా కూకుంటాడేటి?"

చెమటలు కక్కుతూ ఇంటికి ఫోను చేశాడు. "ఓ ట్యాంకరు తెప్పించి తడిపీండి. తడిమట్టి సూత్తే బతికున్నాయనుకుంటాడు. దేవుడు సూసినా సాబుకి సెప్పడు కదా" అంది భార్య హెప్సిబా.

అలా నీళ్లొద్దన్న తోటకు దొంగచాటుగా నీళ్లొచ్చాయి. తవ్విన మెత్తనేలలో ట్యాంకరు చక్రం దిగబడింది. డ్రైవరు బలంగా లాగేసరికి దాని వెనకనున్న కుళాయి తోట గేటు స్తంభానికి కొట్టుకుని ఊడిపోయింది. జయరావు తన తువ్వాలు కుక్కాడు. తువ్వాలూ పోయింది, నీళ్లూ రోడ్డెక్కాయి.

సుక్కి ఉండే వెనకవీధి పంపుల్లో మూడు రోజులుగా చుక్క లేదు. సుక్కి ఒక్క కేక పెట్టింది. వీధి వీధంతా బిందెలు, బకెట్లు, పెళ్లి డేగిశాలతో సహా వచ్చి లైను కట్టింది.

"పొండమ్మా, మీకు దండం పెడతాను! సాబొచ్చే యేల!" అని జయరావు మొత్తుకుంటూ ఉండగానే జీపు ఆగింది.

సాబు ట్యాంకరును చూశాడు, లైనును చూశాడు, పుల్లలను చూశాడు. "యే సబ్ క్యా హై?" అన్నాడు, ఇదంతా ఏమిటని.

జయరావు కంటే ముందే సుక్కి బిందె నెత్తికెత్తుకుంటూ తాపీగా హిందీలో జవాబిచ్చింది: ఎండకు నిద్రపోయే తోటకు అక్కర్లేని నీళ్లు కదా, మా సారు మాకు పోయిస్తున్నాడు.

సాబు కళ్లు చెమర్చాయి. "శాబాష్!" అని జయరావు తడిభుజం తట్టాడు. ఇలాంటి మనిషిని ఇక్కణ్ణుంచి కదపొద్దని, రోజూ పొద్దున్నే ట్యాంకరు ఈ తోటలోనే నిలిపి నీళ్లు పంచాలని అక్కడికక్కడే ఆర్డరు వేశాడు. ఇంటికి వెళ్లాక జయరావు నవీనను పట్టుకుని ఏడ్చినంత పని చేశాడు.

నెల తిరక్కుండానే, రోజూ ట్యాంకరు దగ్గర ఒలికిన నీళ్లకు వేళ్లు కుళ్లి సుక్కి మొక్కలు నిజంగానే చచ్చిపోయాయి. పీకేసిన లాన్ మాత్రం మట్టిలో మిగిలిన వేళ్లనుంచి పచ్చగా లేచింది.