హీటరు ట్రయల్లో ఉంది

జెబెల్ షమ్స్ కొండ మీద చలిగా ఉందని కంపెనీ యాజమాన్యం డిసెంబరు పన్నెండో తేదీన అధికారికంగా అంగీకరించింది. అంతకు ముందు నెల రోజులుగా అక్కడ వణుకుతున్న ఎనిమిది మంది కూలీలు ఆ తేదీ దాకా అనధికారికంగా వణికినట్టు భావించాలి.

ఒమాన్‌లో చలేమిటని నవ్వే పాఠకులుంటారు. వాళ్ళు మస్కట్ సముద్రపు ఒడ్డున ఐస్‌క్రీం తిని విమానమెక్కినవాళ్ళు. రెండు వేల మీటర్ల ఎత్తున, టూరిస్టుల కోసం కడుతున్న రిసార్టు పక్కన, రేకుల కేబిన్లో పడుకుని చూడాలి. పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ళ మీద గాజు పలక లాంటి పొర కట్టి ఉంటుంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఇస్తారి రోజూ ఆ పొరను తాపీతో పగలగొట్టి మొహం కడుక్కునేవాడు. తాపీ పని నేర్చుకున్నందుకు ఇంతటి ఉపయోగముంటుందని అతను అనుకోలేదు.

అతని పక్క మంచం రహీముది. నిజామాబాద్ మనిషి, ఇస్తారి కన్నా పదేళ్ళు పెద్ద. ఆ మంచం సరిగ్గా తలుపు పక్కనే ఉండేది. తలుపు కింద నాలుగు వేళ్ళ సందు. కొండ గాలి ఆ సందులోంచి దూరి ముందు రహీమునే పలకరించేది. నవంబరు చివర్లో పట్టుకున్న దగ్గు మరి వదల్లేదు. ఆ దగ్గు వినలేక ఇస్తారి అర్జీ రాశాడు. ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం ఇస్తారిదే.

కంపెనీ వెంటనే స్పందించింది. పోర్టబుల్ డీజిల్ హీటరొకటి తెప్పించింది. సూట్‌కేసంత పెట్టె. పైన డీజిల్ ట్యాంకు, ముందు వేడిగాలి వచ్చే గొట్టం, కింద పొగ బయటికి పోయే గొట్టం, నడవడానికి బండి బ్యాటరీ. చలిదేశాల్లో పడక కూడా ఉండే క్యాంపర్ బళ్ళేసుకుని షికారుకెళ్ళే దొరలు దీన్ని పక్కన పెట్టుకుని హాయిగా నిద్రపోతారట. ఎనిమిది మంది కూలీలకు అలాంటి యోగం పట్టబోతోందని మస్కట్ అల్ ఖువైర్‌లోని కంపెనీ ఆఫీసులో సభ పెట్టి మరీ చెప్పారు. ఇస్తారిని కొండ దింపి మొదటి వరుసలో కూర్చోబెట్టారు.

సంక్షేమ మేనేజరు గంగాప్రసాద్ గారు మాట్లాడారు. ఆయనదీ జగిత్యాల ప్రాంతమే. కూలీల కష్టం తెలిసినవారు. తెలుసన్న సంగతి ప్రతి మీటింగులోనూ తెలియజేసేవారు.

"మిత్రులారా! మన కార్మిక సోదరుల ప్రాణం కన్నా కంపెనీకి ఏదీ ఎక్కువ కాదు. అంత విలువైన ప్రాణాల మధ్య, పరీక్షించని యంత్రాన్ని పెడతామా? పెట్టం! ముందు నా మీదే పరీక్షించుకుంటాను. ఏమన్నా అయితే నాకే కానీ!"

చప్పట్లు మోగాయి. తమ కోసం ప్రాణాలకు తెగించిన మనిషిని చూసి ఇస్తారి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. సమస్య తెలిసినవాడే పరిష్కారం తెలిసినవాడన్న సూత్రం ప్రకారం ఆ సభలోనే అతన్ని హీటరు ఆపరేటరుగా నియమించారు.

బట్టలు తెచ్చుకోవడానికి కొండెక్కిన ఇస్తారిని రహీం పికప్ దాకా సాగనంపాడు.

"హీటరు తీస్కొనే రా ఇస్తారీ. ఉత్త చేతులతోని రాకు."

"వారం దినాలల్ల తెస్త భాయ్. నాదీ మాట."

హీటరును పరీక్షించాలంటే క్యాంపర్ కావాలి. మస్కట్ శివారు ఘాలాలోని కంపెనీ షెడ్డులో కూలీలను సైటుకు మోసే పాత బస్సొకటి ఉంది. అది పనికిరాదని ముందు ఒక కాగితం రాశారు. పనికిరాని దాంట్లోంచి సీట్లు పీకి, డబుల్ కాట్ వేసి, పూల కర్టెన్లు కట్టి, "ట్రయల్ వాహనం" అని ఇంకో కాగితం రాశారు. బస్సు పోయిన కూలీలకు రోజూ నడక వ్యాయామం కల్పించినట్టు మూడో కాగితం రాశారు. ఒక్క హీటరు వల్ల ఇన్ని సంక్షేమ కార్యక్రమాలు జరిగాయి.

మొదటి ట్రయల్ ఘాలా షెడ్డులోనే. ఖురం బజార్లో కొన్న తోలు జాకెట్, మంకీ క్యాప్ వేసుకుని గంగాప్రసాద్ గారు మంచమెక్కారు. ఇస్తారి మీట నొక్కాడు. హీటరు రెండుసార్లు టకటకమని ఆగిపోయింది. కడప నుంచి వచ్చిన మెకానిక్ షోయబ్ వంగి చూశాడు.

"సార్, బండి లోపల ఇరవయ్యారు డిగ్రీలు చూపిస్తాండాది. వెచ్చగానే ఉండాది గదా, నాతో ఏం పని అనుకొని నిలిచిపోతాంది. చల్లగుంటేనే ఇది పని చేస్తాది."

"చలి లేకపోతే తెప్పించండి" అన్నారు గంగాప్రసాద్ గారు.

లేబర్ రూమ్ గోడకున్న ఏసీ ఊడదీసి బస్సుకు బిగించారు. జనరేటరు పెట్టారు. ఏసీ పదహారుకు దించగానే హీటరు సంతోషంగా అందుకుంది. హీటరు వేడెక్కగానే ఏసీకి రోషమొచ్చింది. రెండు యంత్రాలూ గంటసేపు హోరాహోరీగా పోట్లాడుకున్నాయి. మధ్యలో పడుకున్న గంగాప్రసాద్ గారికి చలీ తెలియలేదు, వేడీ తెలియలేదు. "సమశీతోష్ణ స్థితి సాధించబడినది" అని రిపోర్టు రాశారు. అయితే ఒక్క ట్రయల్‌తో నిర్ణయానికి రావడం బాధ్యత అనిపించుకోదు కాబట్టి రెండోది జరపాలన్నారు.

రెండోది కుటుంబ పరిస్థితుల్లో, సముద్రం ఒడ్డున. ఆయన శ్రీమతి రజిత గారు, పిల్లలు స్వెటర్లలో పాల్గొన్నారు. జనరేటరు మధ్యలో ఆగి ఏసీ పోయింది. హీటరు ఇంకా వేడి కక్కుతూనే ఉంది.

"చెమటలు కారుతున్నయి, జర కిటికన్న తెరువుండ్రి!" అని రజిత గారు మొత్తుకున్నారు.

"ట్రయల్ నడిచేటప్పుడు కిటికీలు తెరవద్దు" అన్నారు ఆయన. సైన్సు కోసం ఒక సంసారం అంత త్యాగం చేయడం ఇస్తారి మొదటిసారి చూశాడు.

మూడోది మిత్రులతో, కబాబులతో. నాలుగోది తోటి మేనేజర్లతో. ఆ తర్వాత శుక్రవారం వస్తే ట్రయలే. రిజిస్టరులో "బాగుంది", "చాలా బాగుంది", "అద్భుతం" అని మూడు గడులుండేవి. ఎవరికి నచ్చిన గడిలో వారు స్వేచ్ఛగా సంతకం చేయవచ్చు. జనవరి మొదటి వారంలో ఇస్తారి ధైర్యం చేశాడు.

"సార్, ఒక్క ట్రయల్ కొండ మీద చేస్తే ఎట్లుంటది సార్? ఆడ చలి ఉట్టిగనే దొరుకుతది."

గంగాప్రసాద్ గారు జాలిగా చూశారు. "పిచ్చివాడా! అక్కడ నిజం చలి ఉంటుంది. యంత్రం పనితనమేదో, ప్రకృతి పనితనమేదో తేలొద్దా? శాస్త్రం ఒప్పుకోదు."

రహీం రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు. మాటకు ముందు దగ్గు వచ్చేది.

"ఎప్పుడొస్తదిరా హీటరు?"

"ట్రయల్ నడుస్తున్నది భాయ్."

మొదట్లో ఆ మాట చెప్పి ఇస్తారి వెంటనే ఫోన్ పెట్టేసేవాడు. పదిహేను రోజులకు సాఫీగా రాసాగింది. అతని పడక కాపలా పేరుతో ఆ క్యాంపర్లోనే. కంపెనీ జాకెట్ కూడా ఇచ్చింది. ఒక పొద్దున ఫోన్ పెట్టేశాక తన ఒంటి మీది జాకెట్ చూసుకుని అతనికి సిగ్గేసింది. కొండకు కూరగాయలు తీసుకుపోయే పికప్ గేటు దగ్గరే ఉంది. గొట్టాలు పీకి, హీటరు భుజానికెత్తుకుని, ఉల్లిగడ్డ బస్తాల మధ్య పెట్టి, మీద తన జాకెట్ కప్పాడు. డ్రైవరు బండి తీసేలోపు గంగాప్రసాద్ గారి కారు గేట్లోకి వచ్చింది.

ట్రయల్లో ఉన్న కంపెనీ ఆస్తిని కూలీల క్షేమానికి భంగం కలిగేలా కూలీల దగ్గరికి తరలించబోయినందుకు ఇస్తారికి మెమో ఇచ్చారు. హీటరుకు తాళం వేశారు. జాకెట్ మాత్రం ఉల్లిగడ్డలతో పాటు కొండెక్కింది.

అప్పటికే ఆలస్యమైంది. ఫిబ్రవరిలో రహీమును కొండ దింపి డాక్టరుకు చూపించారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు డాక్టరు. మరుసటి రోజే కంపెనీ "కార్మికునికి స్వదేశమందు వెచ్చని వాతావరణం కల్పించు పథకం" కింద రహీముకు ఇంటికి టికెట్ ఇచ్చింది. తిరుగు టికెట్ సంగతి పథకంలో లేదు. ఎయిర్‌పోర్ట్ బండి ఘాలాలో ఆగినప్పుడు ఇస్తారి పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. రహీం ఒంటి మీద ఆ జాకెట్ ఉంది, లోపల మనిషి సగమయ్యాడు.

"హీటరు మంచిగనే పని చేస్తున్నదారా?"

"చేస్తున్నది భాయ్" అన్నాడు ఇస్తారి. అబద్ధమాడినా బాగుండేదనిపించింది. ఏడుపొచ్చింది.

మే నెల పద్దెనిమిదిన ట్రయల్స్ సంపూర్ణ విజయం సాధించాయి. హీటరును పూలదండతో కొండ మీదికి ఊరేగించారు. ఎండకు కేబిన్ రేకులు చెయ్యి పెడితే కాలేలా ఉన్నాయి. ఆఫీసు నుంచి తెచ్చిన స్వెటర్లు, మంకీ క్యాపులు ఏడుగురికీ తొడిగారు. తిరిగి కొండ మీది పనికి చేరిన ఇస్తారి అందులో ఒకడు. గంగాప్రసాద్ గారు రిబ్బన్ కత్తిరించారు. లోపల ముప్పైమూడు డిగ్రీలుండటంతో హీటరు మొండికేసింది. షోయబ్ నిట్టూర్చి మీటను ముప్పైఆరుకు తిప్పాడు. అప్పుడు అందుకుంది.

"నవ్వండి!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఏడు మొహాల మీదా చెమట ధారలు కట్టి మెరుస్తోంది. కింద ఇలా రాశారు: "చలికొండ మీద కార్మికులకు చెమటలు పట్టించిన మన హీటరు!" ఫోటో అయ్యాక హీటరును సర్వీసింగ్ కోసం అదే బండిలో కిందికి తీసుకుపోయారు. స్వెటర్లు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారు.

సాయంత్రానికి ఆ ఫోటో ఫోన్లలో జగిత్యాల దాకా పాకింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. దండం పెట్టే బొమ్మలు, పూల బొమ్మలు వందల్లో వచ్చాయి. మీకూ వచ్చే ఉంటుంది, మీరూ ఒక పువ్వు పెట్టే ఉంటారు. ఇస్తారి భార్య ముత్తవ్వ దాన్ని వాడంతా తిప్పి చూపించింది. ఆమె తమ్ముడు ఊరుకోలేక బావకు మెసేజ్ పెట్టాడు.

"బావా, గింత మంచిగ చూస్కునే కంపెనీ ఎక్కడుంటదే! మీ తాన జాగ ఖాళీ ఉంటే నాకు చెప్పు. అప్పు జేసన్న వస్త."

ఇస్తారి తలుపు పక్కన మంచం వైపు చూశాడు. రహీం పోయినప్పటి నుంచి దాని మీద సిమెంటు సంచులు పెడుతున్నారు. వద్దురా అని రాశాడు. వద్దంటే, బావ ఒక్కడే సుఖపడుతున్నాడని ఊరంతా అనుకుంటుందని తెలుసు. చెరిపేశాడు. మళ్ళీ రాశాడు.

"ఒక్క మంచం ఖాళీ ఉన్నది. వచ్చేటప్పుడు గొంగడి తెచ్చుకో."